కారణం ముందు, సూత్రం తర్వాత

ఒక సంఖ్యలోని అంకెలన్నీ కూడితే వచ్చిన మొత్తం మూడో ఎక్కంలో పోతే ఆ సంఖ్య కూడా మూడో ఎక్కంలో పోతుంది. తొమ్మిదికీ అంతే. చివరి రెండంకెలు నాలుగుతో పోతే సంఖ్య మొత్తం నాలుగుతో పోతుంది. చివర సున్నా గానీ అయిదు గానీ ఉంటే అయిదుతో పోతుంది. భాజనీయతా సూత్రాలంటే ఇవే. అయిదారు తరగతుల్లో నేర్పుతారు. కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో బడి పిల్లల్ని అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. "సరే, ఎందుకలా పోతుంది?" అని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం తరగతి మూగబోతుంది. తప్పు పిల్లలది కాదు. ఎందుకో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని పెద్దలు ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు. "పసిపిల్లలు సార్, ఇప్పుడు బాయిపాఠం రానీ, అర్థం పెద్దయ్యాక అదే అవుతుంది." తల్లిదండ్రులు ఇదే అంటారు, కోచింగ్ సెంటర్లవాళ్లు ఇదే అంటారు, లెక్కల మేష్టర్లలో చాలామంది ఇదే అంటారు.

ఈ మాట తప్పు. పైగా పిల్లలకు చేటు చేసే మాట. భాజనీయతా సూత్రం వెనక ఉన్న కారణం కాలేజీ చదువుల దాకా దాచిపెట్టాల్సినంత పెద్దది కాదు. పదిమందిలో కూర్చుని పంచుకోవడం తెలిసిన ప్రతి బిడ్డకూ అది అందుతుంది. అందేదాన్ని అందనివ్వకుండా, ఉత్త వాక్యాన్ని నోట్లో పెట్టి పంపిస్తున్నాం.

అందుతుందని ఊరికే అంటే చాలదు కాబట్టి చేసి చూపిస్తాను. తొమ్మిది మంది పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టండి. మధ్యలో ఒక నూరు రూపాయల నోటు పెట్టి సమానంగా పంచుకోమనండి. చిల్లర మార్చి తలా పదకొండు రూపాయలు తీసుకుంటారు. తొంభైతొమ్మిది అయిపోయింది, ఒక్క రూపాయి మిగిలింది. ఇప్పుడు పది రూపాయల నోటు. తలా ఒకటి, మళ్లీ ఒక్క రూపాయి మిగిలింది. వెయ్యి రూపాయలు పెట్టి చూడండి. తలా నూట పదకొండు, మిగిలింది ఒక్క రూపాయే. పదైనా నూరైనా వెయ్యైనా పదివేలైనా తొమ్మిది మందికి పంచితే మిగిలేది ఒక్కటే. ఇది పిల్లలే కనిపెడతారు, మనం నోరు మెదపాల్సిన పని లేదు. ఇప్పుడు 432 రూపాయలు పెట్టండి. నాలుగు నూర్ల నోట్లు నాలుగు రూపాయలు మిగిల్చాయి. మూడు పదుల నోట్లు మూడు మిగిల్చాయి. విడి రూపాయలు రెండు. మిగిలినవన్నీ ఒకచోట కుప్ప పోస్తే తొమ్మిది, తలా ఒకటి తీసుకుంటే చెల్లుకు చెల్లు. అంకెలు కూడడం అంటే ఈ మిగుళ్లను కుప్ప పోయడమే. ఇందులో పదేళ్ల పిల్లకు అర్థం కానిది ఏముంది?

మూడుకు వేరే పాఠం కూడా అక్కర్లేదు. తొమ్మిది మందికి సరిగ్గా పంచగలిగిన తొంభైతొమ్మిది ముగ్గురికీ సరిగ్గా పంచగలం. మిగిలేది మళ్లీ ఆ ఒక్క రూపాయే. నాలుగుకు నూరు పూర్తిగా పోతుంది, ఏమీ మిగలదు. అందుకే నూర్లనూ వేలనూ పట్టించుకోకుండా చివరి రెండంకెలు చూస్తే చాలు. ఎనిమిదికి నూరు పోదు, వెయ్యి పోతుంది. అందుకని చివరి మూడంకెలు చూడాలి. పుస్తకంలో ఒక్కో సూత్రం ఒక్కో రకంగా కనిపిస్తుంది. ఒకచోట కూడమంటుంది, ఒకచోట చివరి అంకెలు చూడమంటుంది, ఇంకోచోట ఒకటి విడిచి ఒకటి తీసివేయమంటుంది. పిల్లలకవి ఏడెనిమిది వేర్వేరు మంత్రాలు. నిజానికి అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: పదిలో ఎంత మిగుల్తుంది, నూటిలో ఎంత, వెయ్యిలో ఎంత? ఈ ఒక్క ప్రశ్న చేతికిస్తే సూత్రాలన్నీ బిడ్డ తనే తయారు చేసుకుంటుంది. ఫ్రాన్సు దేశపు పాస్కల్ సరిగ్గా ఈ సంగతినే ఒక చిన్న గ్రంథంగా రాశాడు. ఆయన పోయాక 1665లో అది అచ్చయింది. ఏ భాజకానికైనా ఇదొక్కటే దారి అని అందులో తేల్చాడు.

మా తాలూకాకు ఇది పుస్తకాల్లో ఉండే విషయం కాదు. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూములు అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. తాత పేరునే పహణి ఉన్న ఇళ్లలో ఆ కౌలు ఎంతమంది వాటాదారులకు చీలుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తొమ్మిది వాటాలున్న ఇంట్లో ఎకరా కౌలు 21,000 తీసుకోండి. అంకెలు కూడితే మూడు. తలా 2,333 పంచుకుంటే మూడు రూపాయలు మిగుల్తాయి. రెండేళ్ల తర్వాత 5 శాతం పెరిగి 22,050 అవుతుంది. రెండూ రెండూ అయిదూ తొమ్మిది. ఈసారి తలా 2,450, పైసా మిగలదు. అంకెల కూడిక పోతుందా పోదా అన్నది చెప్పి ఊరుకోదు, పోనప్పుడు ఎంత మిగుల్తుందో కూడా చెబుతుంది. బాయిపాఠం చేసిన పిల్లలకు ఈ రెండో సంగతి తెలియదు. వాళ్లు నేర్చిన వాక్యంలో అది లేదు మరి.

శేషమనేది ఈ ఊళ్లకు కొత్త కూడా కాదు. మంచి రోజు చూడాలంటే జన్మ నక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో భాగిస్తారు. ఒకటి మిగిలితే జన్మతార, రెండైతే సంపత్తార, మూడైతే విపత్తార, అలా పరమమిత్ర దాకా. బడి మొహం చూడని ముసలమ్మలు కూడా దీన్ని వేళ్ల మీద తేలుస్తారు. లెక్క 23 వస్తే రెండు తొమ్మిదులు పోను అయిదు మిగిలింది, ప్రత్యక్తార. 23లో అంకెలు కూడినా అయిదే. తారాబలాన్ని నమ్మేదీ నమ్మందీ ఎవరిష్టం వాళ్లది. ఆ లెక్క మాత్రం నిక్కమైనది. ఇంట్లో అవ్వ రోజూ చేసే శేషాన్ని బడిలో మనవరాలికి అర్థం కాని వస్తువని ఎలా అనగలం?

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. నా వాదానికి అసలు బలం ఇక్కడే ఉంది. కర్ణాటకలో ఎకరాకు 40 గుంటలు, గుంటకు 16 అణాలు. పహణిలో విస్తీర్ణం అలాగే ఉంటుంది. మాకు మూడు పక్కలా ఆంధ్ర. సరిహద్దు దాటి మడకశిరకో రొద్దానికో పోతే ఎకరాకు 100 సెంట్లు. పావగడలో ముగ్గురు అన్నదమ్ములు ఒక ఎకరా పంచుకుంటే తలా 13 గుంటలు పోను ఒక గుంట మిగుల్తుంది. ఆ గుంటను పంచితే తలా అయిదణాలు పోను ఒక అణా మిగుల్తుంది. మడకశిరలో పంచుకుంటే తలా 33 సెంట్లు పోను ఒక సెంటు. నలభైలో ఒకటి మిగిలింది, పదహారులో ఒకటి మిగిలింది, నూటిలోనూ ఒకటే మిగిలింది. నోట్ల ఆటలో చూసింది గుర్తున్న బిడ్డకు ఇక్కడొక మెరుపు తగలాలి. మిగిలేది ఒక్కటే అయినప్పుడు కూడిక పనిచేస్తుంది కదా! అయితే పహణిలోని ఎకరాలూ గుంటలూ అణాలూ కూడినా పనిచేయాలి.

చేస్తుంది. 2 ఎకరాల 15 గుంటల 4 అణాల నేల ఉందనుకోండి. రెండూ పదిహేనూ నాలుగూ కూడితే 21. అది మూడుతో పోతుంది. అంటే అణా కూడా చీల్చకుండా ముగ్గురికీ సమంగా పంచొచ్చు. చూసుకోండి: మొత్తం 1,524 అణాలు, తలా 508, అంటే 31 గుంటల 12 అణాలు. ఆంధ్ర వైపు 2 ఎకరాల 37 సెంట్లుంటే రెండూ ముప్పైఏడూ ముప్పైతొమ్మిది. మూడుతో పోతుంది, తలా 79 సెంట్లు. ఇక వాటాలు అయిదైతే? నలభై గుంటలు అయిదుతో పూర్తిగా పోతాయి కాబట్టి ఎకరాల సంగతే చూడనక్కర్లేదు. పదహారులో ఒకటి మిగుల్తుంది కాబట్టి గుంటలూ అణాలూ కూడి చూస్తే చాలు. ఈ సూత్రాలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. కారణం తెలిసిన బిడ్డ వాటిని తన పొలం గట్టు మీద నిలబడి తయారు చేసుకోగలదు. కారణం తెలియని బిడ్డకు "అంకెల మొత్తం" అన్న మాట తప్ప చేతిలో ఏమీ ఉండదు. గుంటలూ అణాలూ అంకెలు కావు కదా అని అక్కడే ఆగిపోతుంది.

మిగిలిన ఆ ఒక్క గుంట విషయం కూడా వదిలిపెట్టకూడదు. గుంటంటే 33 అడుగుల చదరం. ముప్పైమూడు మూడుతో పోతుంది కాబట్టి 11 అడుగుల వెడల్పున మూడు పట్టీలుగా చీల్చుకోవచ్చు. ఎకరా 4,840 చదరపు గజాలు. అంకెల కూడిక 16, మూడుతో పోదు, ఒక గజం మిగుల్తుంది. అదే ఎకరాను అడుగుల్లో చెబితే 43,560. కూడిక 18, చక్కగా పోయి తలా 14,520 అడుగులొస్తాయి. నేల మారలేదు, కొలత మారింది. గజానికి తొమ్మిది చదరపడుగులని గుర్తు చేస్తే మిగిలిన ఆ గజం ఎక్కడికి పోయిందో పిల్లలే చెబుతారు. ఒక పూట పాఠానికి ఇంతకంటే ఏం కావాలి?

కారణం లేని సూత్రం ఊరికే ఉండిపోదు. అది దారి తప్పుతుంది. మూడుకూ తొమ్మిదికీ అంకెలు కూడమన్నారు కదా అని పిల్లలు ఏడుకూ కూడతారు. 25లో రెండూ అయిదూ ఏడు, కాబట్టి ఏడుతో పోతుందని రాస్తారు. మూడు, తొమ్మిది అయ్యాక ఇరవయ్యేడు వస్తుంది కాబట్టి అక్కడా కూడతారు. 1899లో అంకెల మొత్తం 27, సంఖ్య మాత్రం ఇరవయ్యేడుతో పోదు. రెండుతోనూ మూడుతోనూ పోతే ఆరుతో పోతుందని నేర్చుకున్న పిల్లలు రెండుతోనూ నాలుగుతోనూ పోతే ఎనిమిదితో పోతుందంటారు. 12 వాళ్లకు అడ్డం తిరుగుతుంది. ఇవి తెలివితక్కువ పిల్లలు చేసే తప్పులు కావు. చురుకైన పిల్లలే ఒకచోట చూసినదాన్ని ఇంకోచోటికి తీసుకెళ్లాలని చూస్తారు. ఎక్కడిదాకా తీసుకెళ్లొచ్చో చెప్పేది కారణమే. తొమ్మిది మందికి పదిని పంచితే ఒకటి మిగిలింది, ఏడుగురికి పంచితే మూడు మిగిలాయి, ఇరవయ్యేడు మందికైతే పది పదిగానే ఉండిపోయింది. కాబట్టి అక్కడ కూడిక చెల్లదు. రెండుకూ మూడుకూ ఉమ్మడిగా ఏ ఎక్కమూ లేదు, నాలుగులో రెండు ముందే దూరి ఉంది. ఇంతే సంగతి. వీటికి ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు పెట్టి పుస్తకం తిరిగిచ్చేస్తే బిడ్డ నేర్చుకునేది ఒక్కటే: లెక్కల్లో సొంతంగా ఆలోచించకూడదు అని. నేను చేటు అన్నది దీన్నే.

"పరీక్షలకు టైమెక్కడుంది?" అంటారు. నవోదయ ప్రవేశ పరీక్ష అయిదో తరగతి పిల్లలు రాస్తారు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషంన్నర. బిడ్డ మంచి బడికి పోవాలన్న తల్లిదండ్రుల ఆరాటం నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. వాన లేని ఈ సీమలో చదువే చాలా ఇళ్లకు దిక్కు. ఆ ఆరాటం వైపు నిలబడే చెబుతున్నాను. పరీక్ష హాల్లో ఒత్తిడికి ముందుగా చెదిరిపోయేవి అర్థం కాకుండా బట్టీ పట్టినవే. పదకొండు సూత్రం చూడండి. ఏ అంకెల్ని కూడాలి, ఏవి తీసివేయాలి, చివర సున్నానే రావాలా, పదకొండు వచ్చినా చాలా? చాలామందికి ఇక్కడే తికమక. పదకొండు మందికి పది రూపాయలు పంచమనండి. ఒక రూపాయి తక్కువ పడింది. నూరు పంచితే తలా తొమ్మిది పోను ఒకటి మిగిలింది. వెయ్యి పంచాలంటే తలా 91 చొప్పున 1,001 కావాలి, మళ్లీ ఒకటి తక్కువ. మిగులు, తరుగు, మిగులు, తరుగు. 528లో నూర్ల మిగులు అయిదు, పదుల తరుగు రెండు, విడి రూపాయలు ఎనిమిది. అయిదులోంచి రెండు పోను మూడు, ఎనిమిది కలిపితే పదకొండు. తలా ఒకటి పంచేయొచ్చు, కాబట్టి పోతుంది. ఇలా ఒక్కసారి చేసిన బిడ్డ మర్చిపోయినా మళ్లీ కట్టుకోగలదు. నిమిషంన్నర దానికి చాలు.

ఇంకో వాదం ఫోనుది. "జేబులో క్యాలిక్యులేటర్ ఉండగా ఇవన్నీ ఎందుకు?" ఫోను ఒక్కో సంఖ్యకు ఒక్కో జవాబు చెబుతుంది. ఎన్నిసార్లు నొక్కినా అన్ని సంఖ్యల గురించీ ఒక్క మాట చెప్పదు. చెప్పగలిగేది మనిషి. ఆ ఫోను లోపలా, బ్యాంకు కార్డు లోపలా ఉన్నవి కూడా ఈ లెక్కలే. కార్డు మీది నంబరులో చివరి అంకె, మిగతా అంకెలతో ఒక పద్ధతిలో కూడితే మొత్తం పదితో పోయేలా అమర్చినది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. పుస్తకాల వెనక పదంకెల ఐఎస్‌బీఎన్ నడిచిన కాలంలో పదకొండుతో పోవడం చూసేవారు. రెండంకెలు తారుమారైతే వట్టి కూడిక పట్టుకోలేదు, 4042 బదులు 4402 రాసినా మొత్తం అదే. ఒక్కో స్థానానికి ఒక్కో బరువు పెట్టి పదకొండుతో భాగిస్తే ఆ తప్పు దొరికిపోతుంది. ఇది అక్కర్లేని విద్య ఎలా అవుతుంది?

మరో పక్క నుంచి వచ్చే మాట మీద నాకు కోపమెక్కువ. ఈ సూత్రాల్ని "వేద గణితం" పేరిట మాయాజాలంలా అమ్మడం. పూరీ పీఠాధిపతి భారతీకృష్ణ తీర్థులు రాసిన ఆ పుస్తకం ఆయన పరమపదించాక 1965లో అచ్చయింది. అందులోని సూత్రాలు ఇప్పుడు దొరుకుతున్న వేదాల్లో ఎక్కడా లేవని ఎస్.జి. దానీ వంటి గణితజ్ఞులు చూపించారు. ఆ పుస్తకంలోని పద్ధతులు తప్పని నేననడం లేదు. ఏడుకూ పదమూడుకూ ఆయన చెప్పిన పద్ధతి పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో చెప్పకుండా, చెప్పకపోవడాన్నే గొప్పగా చూపించి ఫీజులు వసూలు చేసే తరగతుల మీదే నా అభ్యంతరం. మన పూర్వుల మీద గౌరవముంటే వాళ్లు నిజంగా చేసిన పని చూపించాలి. మాన్యఖేటలో నృపతుంగుడు, అంటే అమోఘవర్షుడు ఏలిన 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కన్నడ సీమలో పుట్టిన గణితం తెలుగులోకి నడిచొచ్చిన దారి అది. కన్నడ బడిలో చదివి తెలుగు ఇంట్లో మాట్లాడే మా పిల్లలకంటే దానికి దగ్గరి వారసులెవరు? 10వ శతాబ్దికి చెందిన రెండో ఆర్యభటుడు మహాసిద్ధాంతంలో, చేసిన గుణకారం సరిగ్గా ఉందో లేదో అంకెలు కూడుతూ తొమ్మిదులు తీసేసి పరీక్షించడం చెప్పాడు. 47ను 86తో గుణిస్తే 4042. నలభైఏడు రెండుకు దిగుతుంది, ఎనభైఆరు అయిదుకు దిగుతుంది, అయిదు రెళ్లు పది, అది ఒకటికి దిగుతుంది. 4042 కూడా ఒకటికే దిగింది.

మహావీరుడు ఇష్టపడ్డ గుణకారాల్లో 142857143ను ఏడుతో గుణించడం ఒకటి. జవాబు 1000000001, రెండు కొసలా ఒకటి ఉన్న హారం. ఈ హారం ఏడుతో ఎందుకు పోతుందో అడగండి. ఏడు పదకొండ్లు డెబ్భైఏడు, దాన్ని పదమూడుతో గుణిస్తే 1001. అంటే ఏడుగురికైనా పదకొండు మందికైనా పదమూడు మందికైనా వెయ్యి పంచబోతే ఒకటి తక్కువ పడుతుంది. పదిలక్షలైతే ఒకటి మిగుల్తుంది, నూరు కోట్లయితే మళ్లీ ఒకటి తక్కువ. నూరు కోట్ల తరుగును చివరనున్న ఒకటి పూడుస్తుంది. అందుకే పోయింది. ఏడుకు, పదకొండుకు, పదమూడుకు ఒకే దెబ్బలో సూత్రం దొరికింది: కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ పోవడమే. ఇది మాయాజాలం కంటే ఎంతో గొప్పది, ఎందుకంటే దీన్ని ఏ బిడ్డయినా మనల్ని నిలదీసి పరీక్షించొచ్చు.

"పిల్లల వయసుకు మించిన పని" అనే వాళ్లకు 2019లో లండన్‌లో జరిగింది ఒకటుంది. నైజీరియా మూలాలున్న పన్నెండేళ్ల అబ్బాయికి సెలవుల్లో చేయమని మేడమ్ ఒక పుస్తకమిచ్చింది. అందులో ఏడుకు తప్ప మిగతా అంకెలకు సూత్రాలున్నాయి. అబ్బాయి ఆలోచించి ఏడుకు తనే ఒకటి కనిపెట్టాడు: చివరి అంకెను అయిదుతో గుణించి, మిగిలిన సంఖ్యకు కలపాలి. 532 తీసుకుంటే అయిదు రెళ్లు పది, 53కు కలిపితే 63, ఏడుతో పోతుంది. పెద్దలకు ఆ పద్ధతి ముందే తెలుసు, అయినా అబ్బాయికి అది సొంతం. కారణం కూడా చిన్నదే. 532కు అయిదు రెట్లు తీసుకుంటే 53 పదులూ 53 యాభైలవుతాయి. ఒక్కో యాభైలో నలభైతొమ్మిది ఏడుతో పోయి ఒకటి మిగుల్తుంది. అందుకే 53 అలాగే మిగిలింది, రెండుకు అయిదు రెట్లు పది దానికి కలిసింది. అయిదు రెట్లు ఏడుతో పోతే అసలు సంఖ్యా పోవాల్సిందే, అయిదుకూ ఏడుకూ పొత్తు లేదు కాబట్టి. ఈ తెలివి లండన్ పిల్లల్లోనే పుడుతుందని, నాగలమడికెలోనో వై.ఎన్. హొసకోటెలోనో పుట్టదని ఎవరైనా అనగలరా? ఏడుకు సూత్రం లేదని చెప్పి అక్కడితో తలుపు మూస్తే ఎక్కడా పుట్టదు.

పాఠ్యపుస్తకాలు కూడా ఈ తలుపు మూసినవే. ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి గణితంలో సంఖ్యలతో ఆటల అధ్యాయం ఉండేది. సూత్రాలు ఎందుకు పనిచేస్తాయో అందులో వివరించేవారు. 2022లో భారం తగ్గింపు పేరుతో ఆ అధ్యాయాన్ని తీసేశారు. దేశమంతటా బరువని తోసేసినది కారణాన్నే. 2025లో వచ్చిన కొత్త ఎనిమిదో తరగతి పుస్తకంలో దానికి మళ్లీ చోటిచ్చారు. సంతోషమే, కానీ ఎనిమిదో తరగతి దాకా ఆగడం దేనికి? అప్పటికి చాలామంది పిల్లలు లెక్కలంటే నమ్మి అప్పజెప్పేవని తీర్మానించుకుని ఉంటారు.

సామగ్రి లేదనడానికీ వీల్లేదు. గణిత కలికా ఆందోళన కింద కర్ణాటక ప్రభుత్వ బడుల్లో నాలుగు, అయిదు తరగతులకు ఇచ్చిన పెట్టెల్లో పదుల కడ్డీలూ నూర్ల పలకలూ ఆట నోట్లూ ఉన్నాయి. నేను పైన చెప్పిన పంపకాలన్నీ వాటితో చేయొచ్చు. పెట్టె తెరవాలి, ఒక పీరియడ్ ఇవ్వాలి. మా తాలూకాకు ఇంకో లాభం కూడా ఉంది. ఇక్కడ సూత్రాన్ని కన్నడంలో ఒక పొడుగాటి వాక్యంగా నేర్పుతారు, "మూరరింద భాగవాగుత్తదె" అని ముగిసేది. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లలు ఆ వాక్యాన్ని మోస్తారు, అర్థాన్ని కాదు. నేల మీద నోట్లు పరిచి పంచుకునేటప్పుడు ఆ ఇబ్బంది లేదు. "ఒగ రూపాయి మిగిల్య సార్" అని ఏ భాషలో అన్నా లెక్క సరిగ్గానే ఉంటుంది.

మధుగిరి విద్యాజిల్లాలో ప్రశ్నపత్రాలు తయారు చేసే ఉపాధ్యాయులను నేను కోరేది ఒక్క మార్పు. "5,436 తొమ్మిదితో పోతుందా?" అని అడిగి ఒక మార్కు ఇస్తున్నారు. దాని కిందే "ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి" అని అడిగి రెండు మార్కులివ్వండి. వేయికొకటి, నూటికొకటి, పదికొకటి మిగుల్తాయి, మిగిలినవన్నీ కలిపితే పద్దెనిమిది, దాన్ని మళ్లీ తొమ్మిది మందికీ పంచేయొచ్చు అని ఏ పిల్ల రాసినా, కన్నడంలో తెలుగు కలిసినా, అక్షరదోషాలున్నా, రెండు మార్కులూ వెయ్యండి.